మెత్తన్న అంచు కాపురం

చెట్ల సంగతి ఈ కథ చెప్పేవాడికి పెద్దగా తెలియదు. తాను పడుకునే మంచం కోళ్లు ఏ కర్రవో చెప్పమంటే, మంచాన్ని బోర్లించి చూసి కూడా చెప్పలేడు. అందుకని చెట్లను నమిలి చూసిన ఒక ఏదుపంది మాట నమ్ముకుని చెబుతున్నాడు. ఆ ఏదుపంది పేరు సూదయ్య.

సూదయ్య ఉండేది బోడికొండ మీద. పేరే బోడి గానీ, నెత్తిన బండలు తప్ప కొండంతా అడవి. కొండ కింద ముప్పై నలభై తాటాకిళ్ల గూడెం. అడవికీ గూడేనికీ మధ్య, మేక ఒక్క ఊపిరిలో దాటగలిగినంత వెడల్పున ఒక చెట్ల పట్టీ ఉంది. దాన్ని జంతువులన్నీ అంచు అనేవి. ఒకప్పుడు గూడెం పశువులు అంచులో మేసేవి. గూడెం వాళ్లు పందిళ్లకీ దడులకీ అక్కడే సన్న గుంజలు కొట్టుకునేవాళ్లు. ఆ రోజుల్లో కొండ మీద నిలబడితే ఎవరింట్లో పొయ్యి వెలిగిందో తెలిసేది. తరవాత మేపడం మానేశారు, కొట్టడమూ మానేశారు. పదేళ్లు తిరిగేసరికి అంచు చిక్కబడింది. ఒక్క మద్దిచెట్టు దర్జాగా నిలబడాల్సిన చోట, బొటనవేలంత లావున్న మద్దిమొక్కలు ముప్పై, సంతలో తోసుకుంటున్నట్టు నిలబడ్డాయి. వాటి కింద ముళ్లకంప. కంప మీద తీగలు. ఆ తీగలు పెద్ద చెట్ల తలలదాకా ఎక్కిపోయాయి. నేల మీద మోకాలెత్తు ఎండుటాకు. పాము కూడా దారి అడిగి వెళ్లాల్సిన పరిస్థితి.

సూదయ్య ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదు. నేర్చుకున్నదంతా పళ్లతోనే. ఆకలేస్తే చెట్టు మొదట్లో బెరడు కొరుకుతాడు, రుచి చూస్తాడు, ఆ చెట్టు ఎలా ఉందో అర్థం చేసుకుంటాడు. ఈమధ్య అంచులో ఏ చెట్టు కొరికినా ఒకటే రుచి. లోపల తడి లేదు. వందమంది ఒక చెంబు నీళ్లు పంచుకున్నట్టుంది.

ఆ మాటే ఇంటికొచ్చి పెళ్లాం కంపమ్మతో అన్నాడు.

"తడి లేకపోతే ఏమవుతుంది?" అంది కంపమ్మ. అంచు పైకొసనున్న ఆ బొరియలో పక్కనే రెండు పిల్లలు నిద్రపోతున్నాయి. పుట్టి తొమ్మిది రోజులు. ఒంటి మీద ముళ్లు ఇంకా ఎండుగడ్డి పోచల్లా మెత్తగా ఉన్నాయి.

"నిప్పొస్తే కూర్చుంటుంది."

కూర్చోవడమంటే ఏమిటో బొరియల్లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. సూదయ్య చిన్నప్పుడు ఒకసారి కొండ తగలబడింది. అప్పుడు అంచు పలచగా ఉండేది. బొరియ పైన నేల కాసేపు వెచ్చబడింది, కాసేపటికి చల్లబడింది, అందరూ బయటికొచ్చి దులుపుకున్నారు. రెండోసారి నిప్పు కొండ అవతలి వైపు, కిక్కిరిసిన వెదురు పొదల్లో పడింది. అక్కడ రెండు రోజులు కదల్లేదు. అవతలి వైపు బొరియలో సూదయ్య అన్న ఉండేవాడు, అన్న పెళ్లాం, ముగ్గురు పిల్లలు. వాళ్లు బయటికి రాలేదు. అప్పటినుంచీ సూదయ్యకి ఒకటే లెక్క. నిప్పు నడిచిపోతే బతుకుతాం, కూర్చుంటే చస్తాం.

"పిల్లల్ని తీసుకుని పైకి పోదామా?" అంది కంపమ్మ కాసేపటికి.

"పైనంతా బండ. తవ్వితే నా పళ్లే అరుగుతాయి. పైగా వీళ్ల ముళ్లు గట్టిపడలేదు. బయటికి తీస్తే ఎవడో ఒకడు దుంపలనుకుని తినేస్తాడు."

"మరి?"

"అడుగుతాను. అంచు పలచన చేద్దామని అందర్నీ అడుగుతాను."

కంపమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "చెట్టు బెరడు తినేవాడివి నువ్వు. చెట్లు తగ్గిద్దామని నువ్వంటే ఎవరు వింటారు?"

"అదే నాక్కూడా భయం" అన్నాడు సూదయ్య.

బోడికొండ వాగు ఎండాకాలంలో ఎండిపోయి, ఒక్క మడుగు మాత్రం మిగులుతుంది. సభలన్నీ ఆ మడుగు దగ్గరే. ఆ మడుగుకో కట్టుబాటుంది. నీళ్లు బాగున్నాయని ఎవరంటారో వాళ్లే ముందు తాగాలి. ఓ ఏడు ఎగువన ఎవరో చేపల కోసం నీళ్లలో మత్తు బెరడు కలిపారు. ఒక కొండముచ్చు చెట్టు దిగకుండానే, "బాగున్నాయి, తాగండి" అన్నాడు. నమ్మి తాగిన లేళ్లు మళ్లీ లేవలేదు. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు అది. ఆ సాయంత్రం కూడా ఒక కుందేలు మూతి పెట్టి వాసన చూసి, "ఫరవాలేదు" అంది. ఆమె తాగేదాకా అందరూ ఆగారు. ఆమె తాగింది, తుమ్మింది, బతికే ఉంది. అప్పుడు మిగతావాళ్లు తాగారు.

సభకు పెద్ద బొంతక్క అనే ముసలి ఎలుగుబంటి. మండుటెండలోనూ ఒంటి మీద ఆ బొంత తియ్యదు కాబట్టి ఆ పేరు. గూడెం తరఫున చుక్కి అనే మేక వచ్చింది. మేతకని వచ్చి దారి తప్పినట్టు నటించడం ఆమెకు అలవాటు. అడవిపంది కోరయ్య బురదలోంచి లేవకుండానే సభలో ఉన్నాడు. కాస్త ఎత్తు మీద, గాలి బాగా తగిలే చోట, గుంటనక్క మెత్తన్న తోక చుట్టూ సర్దుకుని కూర్చున్నాడు.

సూదయ్య ముందుకొచ్చాడు. "నేను చెట్టు బెరడు తినేవాణ్ణి. చెట్లు తగ్గించాలని చెప్పడానికి నాకన్నా అనుమానించదగ్గవాడు ఈ కొండ మీద లేడు. మీరు అనేలోపు నేనే అనేస్తున్నాను."

"అనేశావుగా, ఇక కూర్చో" అన్నాడు కోరయ్య.

అందరూ నవ్వారు. సూదయ్య కూడా నవ్వాడు, కానీ కూర్చోలేదు. "పెద్ద చెట్ల జోలికి పోవద్దు. సన్నవి నాలుగుంటే మూడు తీసేద్దాం. తీగలు లాగేద్దాం. గూడెం దగ్గర ఎండుటాకు పక్కకు తోసేద్దాం. నిప్పు వచ్చినా పాదాల ఎత్తున నడిచిపోతుంది. ఇప్పుడున్నట్టే ఉంటే తీగలు పట్టుకుని తలలకెక్కుతుంది. ఎక్కినదాన్ని దింపేవాడు లేడు."

"నిజమే" అంది చుక్కి. "మీకైతే కాళ్లున్నాయి. మాకు మెడలో తాడుంది. నిప్పొస్తే మేం తాడు కాలేదాకా ఆగాలి. ఈలోపు మేమే కాలతాం."

అప్పుడు మెత్తన్న గొంతు సవరించుకున్నాడు. అతనిది ఎప్పుడూ చల్లని గొంతు. ఎంత ఎండలో నడిచొచ్చినా తడిగుడ్డ కప్పుకుని మాట్లాడుతున్నట్టుంటుంది.

"చుక్కమ్మా, నీ బాధ నా బాధ కాదా? మీ గూడెం అన్నా, గూడెం కోళ్లన్నా నాకు ప్రాణం."

"తెలుసు బాబూ. మా కోళ్లు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి."

మెత్తన్న ఆ మాట విననట్టే సాగించాడు. "కానీ ఆ చిన్న మొక్కలు చూడండి. ఇంకా నోట మాట రాని మొక్కలు. వాటినా కొట్టేది? సూదయ్య బావ మంచివాడే. ఆకలి కూడా మంచిదే. కానీ బావ ఆకలికి అడవి అంతా తలవంచాలా? ఇంకో మాట. చిక్కగా ఉన్న చోట నీడ ఉంటుంది. నీడ ఉన్న చోట చల్లదనం ఉంటుంది. చల్లగా ఉన్న చోటికి నిప్పు వస్తుందా?"

కుందేళ్లు తలలూపాయి. నీడ అన్న మాట కుందేలుకు వినిపిస్తే చాలు, మిగతాది అక్కర్లేదు.

"ఆకు ఎండిపోయి ఉంది మెత్తన్నా" అన్నాడు సూదయ్య. "కాలేస్తే చప్పుడవుతోంది."

"అది ఆకు చప్పుడు కాదు బావా. అడవి నీతో మాట్లాడుతోంది."

ఇక అక్కణ్ణుంచి సభ సూదయ్య చేతిలో లేదు. చెట్లు తగ్గించాలన్నవాళ్లు కొందరు, అడవి మాట్లాడుతోందన్నవాళ్లు కొందరు. బొంతక్క ఇద్దరి మాటా తీసెయ్యలేక, పెద్దలు చేసే పనే చేసింది. ఇద్దరికీ సగం సగం ఇచ్చింది.

"అంచు పలచన చేద్దాం. అయితే ఎవరింటి పొద వాళ్లకుండనీ. మన పొద ముట్టుకోవద్దనుకునేవాళ్లు దాని మీద గుర్తు పెట్టుకోండి. గుర్తు లేనివన్నీ తీసేద్దాం."

అందరికీ నచ్చింది. సూదయ్యకు కూడా నచ్చింది. ఎవరికి ఎన్ని పొదలుంటాయిలే అనుకున్నాడు. (ఈ కథ చెప్పేవాడి పెరట్లో మునగకొమ్మ కరెంటు తీగకు తగులుతోంది. కొట్టించమని పక్కింటాయన చెప్పినప్పుడల్లా, ఆయన వేపకొమ్మ వైపు చూపించి తప్పించుకుంటాడు. కాబట్టి తరవాత జరిగినదానికి జంతువుల్ని తప్పుపట్టే హక్కు ఇతనికి లేదు.)

మూడు రోజులు గుర్తులు పెట్టుకునే పని జోరుగా సాగింది. కుందేలు తాను ఉండే పొద మీద బొచ్చు అంటించింది. పక్క పొద ఆమె చెల్లెలిది. ఆ పక్కది చెల్లెలు పెళ్లయ్యాక ఉండబోయేది. కోరయ్య ఒక పొద మీద బురద పూశాడు. మధ్యాహ్నం పడుకునే పొద వేరు కాబట్టి దానికీ పూశాడు. ఒళ్లు గోక్కునే పొద ఇంకోటుంది, దానికీ పూశాడు. మెత్తన్న అందరికీ సాయం తిరిగాడు.

"ఆ చివరిది ఎవరిదీ కాదనుకుంటా" అని ఎవరైనా అంటే, "నీదే అనుకో పిన్నీ. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, రేపు వాళ్లకి కావాలి" అనేవాడు. తీగ కూడా గుర్తు లేకుండా మిగలనివ్వలేదు. తనకంటూ మాత్రం ఒక్క గుర్తూ పెట్టుకోలేదు. నిస్వార్థపరుడని పేరొచ్చింది.

నాలుగో రోజు బొంతక్క అంచు మొత్తం తిరిగి చూసింది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా గుర్తు లేని పొద ఒక్కటే ఉంది. అది సూదయ్య బొరియ మీదున్న కంపపొద. చెట్లు తగ్గించమన్నవాడు తన పొదకే గుర్తు పెట్టుకుంటే బాగోదని సూదయ్య వదిలేశాడు.

నిర్ణయం నిర్ణయమే కదా. అందరూ కలిసి వచ్చి ఆ ఒక్క పొదనూ వేళ్లతో సహా పీకేశారు. కోరయ్య చాలా కష్టపడ్డాడు. పని అయ్యాక ఒకరినొకరు అభినందించుకుని వెళ్లిపోయారు.

కంపమ్మ గుమ్మంలో నిలబడి, ఎండ నేరుగా లోపలికి పడడం చూసింది. "ఇంత పని సాధించుకొచ్చావు" అంది.

"నేను మాట్లాడితే ఇలాగే ఉంటుంది" అన్నాడు సూదయ్య. "కాస్త తక్కువ మాట్లాడి ఉంటే మన పొద మిగిలేది."

కానీ ఆ పొద పోవడంతో ఒక సంగతి జరిగింది. బొరియ గుమ్మంలోంచి కొండ పైదాకా కనిపిస్తోంది. పొద్దున్నే సూదయ్య అటే చూస్తూ కూర్చున్నాడు. కొండ నెత్తిన బండల మధ్యనుంచి మెత్తన్న దిగుతున్నాడు. బండల దగ్గర అతని పెళ్లాం సన్నమ్మ పిల్లలతో ఎండకు పడుకుంది. చుట్టూ ఒక్క చెట్టు లేదు. పొద లేదు. గడ్డిపోచ కూడా లేదు. మెత్తన్న అంచులోకి దిగి మాయమయ్యాడు. కాసేపటికి గూడెం వైపునుంచి ఒక కోడి అరుపు, ఆ వెంటనే మనుషుల కేకలు. మరి కాసేపటికి మెత్తన్న కంపల్లోంచి బయటపడి, నోట్లో తెల్లగా ఏదో పట్టుకుని, హాయిగా బండల మీదికి ఎక్కిపోయాడు.

సూదయ్య ఒంటి మీద ముళ్లు వాటంతటవే గలగలమన్నాయి. కోపమొస్తే అలా అవుతుంది. నవ్వొచ్చినా అలాగే అవుతుంది. ఆ రోజు రెండూ వచ్చాయి.

సాయంత్రం మడుగు దగ్గర అందరూ చేరాక సూదయ్య లేచాడు.

"మా గుమ్మం శుభ్రం చేసినందుకు అందరికీ దండాలు" అన్నాడు. "కోరయ్య బావకి మరీను. నడుం ఎలా ఉంది?"

"పట్టేసింది" అన్నాడు కోరయ్య గర్వంగా.

"ఇంకోటి. మొన్న నేను తప్పు మాట్లాడాను. మెత్తన్న చెప్పిందే నిజం. అంచంత చల్లని చోటు కొండ మీద లేదు. మా పిల్లల్ని తీసుకుని రేపే అంచు మధ్యలోకి పోదామనుకుంటున్నాను. మీక్కూడా పిల్లలున్నారు. మెత్తన్నా, ఆ మాట ఇంకోసారి అందరికీ చెప్పవూ? నా నోటితో చెబితే ఆకలి మాట అంటారు."

మెత్తన్న ఒక్క క్షణం సూదయ్య ముఖంలోకి చూశాడు. ఏదుపంది ముఖంలో ఏమీ కనిపించదు, అన్నీ ముళ్లే. పొగడ్త మాత్రం స్పష్టంగా వినిపించింది. మెత్తన్న ఛాతీ ముందుకొచ్చింది.

"చెబుతాను బావా. తప్పు తెలుసుకున్నవాడంటే నాకు గౌరవం. వినండి. ఈ వేసవికి అంచుకు మించిన చోటు లేదు. నిప్పు అటువైపు తొంగి కూడా చూడదు. పిల్లలున్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, ముసలివాళ్లు అందరూ తొలకరిదాకా అక్కడే ఉండండి. ఇది నా మాట."

"విన్నారా?" అన్నాడు సూదయ్య.

"విన్నాం" అన్నాయి కుందేళ్లు.

"బొంతక్కా, ఒక ధర్మసందేహం. నీళ్లు బాగున్నాయన్నవాడు ముందు తాగాలి కదా. చోటు బాగుందన్నవాడి సంగతేమిటి?"

బొంతక్క ఛాతీ గోక్కుంది. ఆమె ఆలోచిస్తున్నప్పుడు అలా గోక్కుంటుంది, ఒక్కోసారి ఆలోచించకుండా కూడా గోక్కుంటుంది. "నీళ్లయితే ఏంటి, చోటయితే ఏంటి? రెండూ ప్రాణం సంగతే. అన్నవాడే ముందు ఉండాలి."

"నాకు ఇల్లుంది కదా అక్కా" అన్నాడు మెత్తన్న.

"ఎక్కడ?"

"పైన. బండల దగ్గర."

"అక్కడ నీడుందా?"

మెత్తన్న జవాబు వెతుక్కునేలోపే కోరయ్య అందుకున్నాడు. ఏ దురుద్దేశమూ లేదు, తెలిసింది చెప్పాడంతే. "ఎక్కడి నీడ? ఒకసారి తవ్వుకుందామని పోయి ఒట్టి మూతితో తిరిగొచ్చాను. ఎండుపుల్ల కూడా లేదక్కడ."

చుక్కి నెమరు వెయ్యడం ఆపింది.

"అయ్యో" అన్నాడు సూదయ్య. "ఇన్నాళ్లూ అందర్నీ నీడలో పెట్టి నువ్వు ఎండలో మాడుతున్నావా మెత్తన్నా. ఇక ఆ కష్టం వద్దు."

కాదంటే ఆ మాట చెట్టు మీది కొండముచ్చు మాటవుతుంది. మెత్తన్న అది లెక్క వేసుకున్నాడు. తోక మళ్లీ సర్దుకుని, "సంతోషంగా వస్తాను" అన్నాడు. ఆ గొంతులో తడిగుడ్డ కొంచెం ఆరినట్టుంది.

మర్నాడు మెత్తన్న పెళ్లాం పిల్లలతో అంచు మధ్యలో కాపురం పెట్టాడు. చూడ్డానికి అందరూ వచ్చారు. కుందేళ్లు దగ్గరుండి ఎండుటాకు మెత్తగా పరిచాయి.

అవి ఇప్పపూలు రాలే రోజులు. చెట్టు కింద నేల శుభ్రంగా ఉంటే పూలేరుకోవడం తేలిక. అందుకని గూడెం వాళ్లు ఇప్పచెట్ల కింద రాలిన ఆకును పోగుచేసి, అక్కడికక్కడే కాల్చేసేవాళ్లు. పొద్దునపూట కొండ మీద అక్కడోటి ఇక్కడోటి సన్నటి పొగలు లేస్తాయి. బండల మీద ఉన్నన్నాళ్లూ మెత్తన్న ఆ పొగల్ని వేడుకగా చూసేవాడు. అంచులోంచి అవి కనిపించవు. వాసన మాత్రం వస్తుంది. ఎంత దూరంలో ఉందో ముక్కుకు తెలియదు.

"ఎంత దూరం?" అంది సన్నమ్మ మొదటి రోజు.

"దూరమే."

"నువ్వు చూశావా?"

"చూడ్డానికి దారెక్కడుంది, అంతా కంప."

"కోళ్ల దగ్గరికి పోవడానికి దారుందిగా" అంది సన్నమ్మ. ఆమెది మెత్తని గొంతు కాదు.

రెండో రోజు వాసన ఎక్కువైంది. పిల్లలు దగ్గాయి. సన్నమ్మ లేచి, ఒక్కో పిల్లనూ మెడ పట్టి ఎత్తుకుని, పరుగెత్తడానికి ఏ వైపు వీలుందో చూసి, ఏ వైపూ లేదని మళ్లీ దింపింది. అలా మూడుసార్లు చేసింది. మెత్తన్న చూస్తూ కూర్చున్నాడు. మొగుణ్ణి భయపెట్టడానికి మాటలే అక్కర్లేదు.

సూదయ్య తన గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. పొద పీకేశారు కాబట్టి, కాస్త మెడ సాచితే అంచు మధ్యదాకా చూపు ఆనుతోంది. అక్కడ ఒక తీగ కదిలింది. గాలి లేదు. తీగ ఇంకాస్త కదిలి, తెగి, కిందికి జారింది.

"మొదలైంది" అన్నాడు కంపమ్మతో.

మూడో రోజు మధ్యాహ్నానికి మరో నాలుగు తీగలు పోయాయి. నాలుగో రోజు కంప కదిలింది. అయిదో రోజు మెత్తన్న పెళ్లాం పిల్లలతో సహా ఆకు లాగి దూరంగా పడేస్తుంటే, ఇప్పపూల కోసం బయల్దేరిన బొంతక్క కొరికిన మొక్కల వాసన పట్టి అటు వచ్చింది. ఆమె వెనక, ఎలుగుబంటి పారేసే పూలకోసం కోరయ్య. అతని వెనక కుందేళ్లు.

మెత్తన్న పడక చుట్టూ ఇరవై అడుగుల మేర నేల తేటగా ఉంది. సన్నమొక్కలు కొరికేసి ఉన్నాయి. తీగ లేదు, ఆకు లేదు. ఒక్క పెద్ద మద్దిచెట్టు మాత్రం మధ్యలో నిమ్మళంగా నిలబడి ఉంది.

బొంతక్క చుట్టూ తిరిగి చూసింది. "ఇదేంటి మెత్తన్నా?"

"గాలి కోసం అక్కా" అన్నాడు మెత్తన్న. నోటినిండా కంప ముళ్లు గుచ్చుకుని ఉండడంతో మాట సరిగ్గా రాలేదు.

"ఈ మొక్కలకి నోట మాట రాదన్నావు" అంది కుందేలు.

"వీటికి ఒకటీ రెండూ వచ్చినట్టున్నాయి" అన్నాడు వెనకనుంచి సూదయ్య.

సన్నమ్మ నోట్లో ఆకు కిందపడేసి మొగుడి వైపు తిరిగింది. "చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కుందేలు వెనక్కి తిరిగి, తన పొద దగ్గరికి పోయి, అంటించిన బొచ్చు పీకేసింది. చెల్లెలి పొద మీదిది చెల్లెలే పీకేసింది.

ఆ తరవాత పది పన్నెండు రోజులు అంచులో పని జరిగింది. సూదయ్య సన్నచెట్ల మొదట్లో చుట్టూ బెరడు కొరికాడు. జీవితంలో మొదటిసారి తింటే ఎవరూ తిట్టలేదు. రెండు రోజులకే కడుపు పాడైంది, అయినా కొరికాడు. బొంతక్క తీగలు లాగింది. చుక్కి గూడెం మేకలన్నిటినీ వెంటపెట్టుకొచ్చి చిగుళ్లన్నీ మేసింది. మేకల వెనక వచ్చిన మనుషులు, ఇన్నాళ్లకి దారి దొరికిందని, సన్నగుంజలు కొట్టి దడులకు మోసుకుపోయారు. ఎండుటాకు పశువుల కిందికి తట్టల్లో పట్టుకుపోయారు. అడవిపందుల మంద ఇళ్లకు దగ్గరగా నేలంతా తవ్వి, ఎర్రమట్టి పైకి తేల్చింది. పెద్దచెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మధ్యనుంచి మళ్లీ గూడెం కనిపించింది.

కోరయ్య మాత్రం మూడు పొదల్లో రెండే వదిలాడు. మధ్యాహ్నం పడుకునేది వదల్లేదు. "నేను తవ్వినంత ఎవరు తవ్వారు? ఒక్క పొదకి కొండ మునిగిపోదు" అన్నాడు. అతని నడుం సంగతి తెలిసి ఎవరూ గట్టిగా అనలేదు.

ఉగాది వెళ్లిన వారానికి ఒక మిట్టమధ్యాహ్నం పడమటి గాలి లేచింది. ఏ ఇప్పచెట్టు కింద ఆరకుండా మిగిలిన నిప్పో కొండవాలు పట్టుకుంది. సూదయ్య కంపమ్మనూ పిల్లల్నీ బొరియ అడుక్కి తోసి, తాను గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. పైన చిటపటలు వినిపించాయి. దగ్గరికొచ్చాయి. వీపు మీద నేల వెచ్చబడింది. పొగ ఒక పాయ లోపలికొచ్చి ముక్కులు మండించింది. కంపమ్మ పిల్లల ముఖాలు పొట్ట కిందికి లాక్కుంది.

"కూర్చుందా?" అంది.

సూదయ్య చెవి నేలకు ఆనించాడు. అన్న బొరియ గుర్తొచ్చింది. గుర్తు రానివ్వకుండా చప్పుడే విన్నాడు. చిటపట తల మీద ఉంది. తరవాత తోక దగ్గర ఉంది. తరవాత అవతల ఉంది.

"నడుస్తోంది" అన్నాడు.

నేల చల్లబడ్డాక బయటికొచ్చాడు. అంచంతా నల్లగా, పలచగా, నిశ్శబ్దంగా ఉంది. పెద్ద మద్దిచెట్లు చీలమండల దగ్గర మసి పూసుకుని నిలబడ్డాయి, తలలు పచ్చగానే ఉన్నాయి. మెత్తన్న పెళ్లాం పిల్లలతో, తాను తేట చేసిన నేల మీద ముడుచుకుని కూర్చున్నాడు. పందులు తవ్విన ఎర్రమట్టి దగ్గర నిప్పు ఆగి ఆరిపోయింది. గూడెంలో కాలిన కప్పు ఒక్కటీ లేదు. పాకలోంచి చుక్కి అరుస్తోంది, మెడలో తాడు తాడులాగే ఉంది. ఒక్కచోట మాత్రం పొగ ఇంకా స్తంభంలా లేస్తోంది. అది కోరయ్య మధ్యాహ్నపు పొద. దాని పక్కనున్న పెద్ద ఏగిస చెట్టు కూడా తలదాకా కాలిపోయింది. కోరయ్య మడుగు బురదలో నిలబడి సాయంత్రందాకా అటే చూశాడు.

తొలకరి పడ్డాక మెత్తన్న కట్టుబాటు తీరిపోయింది. పెళ్లాం పిల్లలతో మళ్లీ బండల మీదికి చేరాడు. పొద్దున్నే లేచి అలవాటు చొప్పున కిందికి బయల్దేరాడు. అంచు అంతా తేటగా ఉంది. సగం దూరం దిగేసరికి గూడెం కోళ్లన్నీ తలలెత్తి అతన్నే చూస్తున్నాయి. నిలబడితే నిలబడి చూశాయి. కూర్చుంటే కూర్చుని చూశాయి. ఒక పుంజు పెంటకుప్ప ఎక్కి, ఇంటివాళ్లకు వినపడేలా అతను వస్తున్న సంగతి చెప్పింది.

మెత్తన్న వెనక్కి తిరిగాడు. దారిలో సూదయ్య గుమ్మం. సూదయ్య పిల్లలు రెండూ ఎండలో ఆడుకుంటున్నాయి. వాటి ముళ్లు గట్టిపడ్డాయి.

"ఏం మెత్తన్నా, పొద్దున్నే ఇలా?" అన్నాడు సూదయ్య.

"గాలి కోసం బావా" అన్నాడు మెత్తన్న.

"బాగా వస్తోంది ఇప్పుడు" అన్నాడు సూదయ్య.

ఫలానా చోటు భద్రమని ఎవరైనా చెబితే, వాళ్ల కాపురం ఎక్కడుందో ముందు కనుక్కోవాలి.